శుక్రవారం మునిగిన పడవ

పడవల చదువు చెప్పే కాలేజీలో నీటిచుక్క కనపడకూడదని ఉత్తర్వు వచ్చిన రోజున ఎవరూ నవ్వలేదు. నవ్వడానికి ఆ ఉత్తర్వులో చోటు లేదు. ‘ప్రతి శుక్రవారము ఉదయము పది గంటలకు ప్రాంగణమందలి యావత్తు నిలువ నీటిని పారబోయించి, సదరు పొడి స్థితిని ఫోటో సహితముగా నివేదించవలెను’ అని ఉంది. దోమలు గుడ్లు పెట్టకుండా ఊరంతటికీ కలిపి పెట్టిన నియమం అది. పూలకుండీల కింది పళ్లేలు, కూలర్లు, పాత టైర్లు, మూత లేని డ్రమ్ములు, ఇలాంటివాటిని తలుచుకుని రాశారు. అరవై మీటర్ల పొడవూ, నాలుగు మీటర్ల వెడల్పూ, రెండు మీటర్ల లోతూ ఉన్న పళ్లెం ఒకటి ఈ లోకంలో ఉందని రాసినవాళ్లకి తెలీదు. తెలిసినా మానేవారు కాదనుకోండి.

ఆ పళ్లెం పేరు టోయింగ్ ట్యాంకు. పిల్లలు తాము గీసిన పడవకి బారెడు నమూనా చేసి అందులో వదిలితే, పైన పట్టాల మీద నడిచే బండి దాన్ని లాక్కుపోతుంది. నీళ్లు పడవని ఎంత గట్టిగా వెనక్కి పట్టి ఆపుతున్నాయో బండికున్న కొలత కడ్డీ చెబుతుంది. ఆ లెక్క వస్తే శాఖవారు ముద్ర వేసి ధ్రువపత్రం ఇస్తారు. పత్రం ఉంటేనే డిగ్రీ.

సూరాడ నీలవేణికి ఆ పత్రం డిగ్రీ కోసం ఎంత కావాలో, వాళ్ల నాన్న ఎర్రయ్య కోసం అంతకన్నా ఎక్కువ కావాలి. నిరుడు వేట ముగించుకుని ఒడ్డుకొస్తున్నప్పుడు ఎర్రయ్య పడవ అడుగు ఇసకకి తగిలి ఓ పక్కకి ఒరిగింది. ఒరిగిన పడవ మీదికి వెనకాల కెరటం వచ్చి బోర్లా తిప్పేసింది. భుజం ఎముక విరిగి మూడు నెలలు మంచం మీదున్నాడు. నీలవేణి ఆ మంచం పక్కన కూచునే కొత్త పడవ గీసింది. అడుగు బల్లపరుపుగా, వెడల్పుగా ఉంటుంది. అడుగున మధ్యలో ఉండే ఒకే నిలువు పలకకి బదులు రెండు పక్కలా రెండు పొట్టి పలకలుంటాయి.

ఎర్రయ్య బొమ్మని అటు తిప్పీ ఇటు తిప్పీ చూశాడు. “బాగానే ఉన్నాదే తల్లీ. గానీ నీను కట్టీసి దింపీసినాననుకో, ‘కూతురు ముచ్చటపడితే కట్టీసినాడు ఎర్రోడు’ అంతారు. ఈ పడవ మంచిదని మీ కాలేజీవోల్లు ముద్దరేసి కాయితం ఇయ్యాల. అప్పుడు కడతాను” అన్నాడు. కలప కొని పాక వెనక పేర్చాడు కూడా. వేట నిషేధం రోజులు మొదలవగానే పని మొదలుపెడితే సరే, లేకపోతే వడ్రంగి సత్యం తాను మాటిచ్చిన మరో ఊరికి వెళ్లిపోతాడు. కనక ఏప్రిల్ మధ్యలోగా కాగితం రావాలి. సంగతి ఇంతే. ఇంతకన్నా తేలికైన సంగతి ఉండదని నీలవేణి అనుకుంది. పాపం, నాలుగేళ్లు చదివినా ఆమెకి కాలేజీ సంగతి తెలీలేదు.

ఆ ట్యాంకుని నింపేది ఒక్క బోరు. నిండడానికి ఆరు రోజులు పడుతుంది. శనివారం పొద్దున్న మోటారు వేస్తే గురువారం రాత్రికి నిండుతుంది. అంచుకి నాలుగు వేళ్ల దిగువదాకా నీళ్లుంటే తప్ప కొలత కడ్డీ పడవకి అందదు. నిండాక నీళ్లు ఊగకుండా నిలకడ పడడానికి ఇంకో పది గంటలు కావాలి. అంటే శుక్రవారం ఉదయం దాకా. కాలేజీ తాళాలు తీసేదేమో పదింటికి. ఆ పదింటికే మలేరియా ఇన్‌స్పెక్టరు కలిశెట్టి జగ్గయ్య సైకిలు మీద వచ్చి, అడుగునున్న పెద్ద వాల్వు తిప్పేసేవాడు. ఆరు రోజుల నీళ్లు గంటన్నరలో కాలవ పాలయ్యేవి. ఆయన ఖాళీ ట్యాంకుకి ఫోటో తీసి పైకి పంపి, టీ తాగి వెళ్లేవాడు. శనివారం మళ్లీ మోటారు వేసేవారు. వెయ్యకపోతే ట్యాంకు వాడకంలో లేదని ఆడిట్ రాస్తుంది.

నీలవేణి గైడు బుద్ధవరపు విశ్వపతి దగ్గరికి వెళ్లింది. ఆయన పడవల మీద ప్రాణం పెట్టుకున్న మనిషి. పై అధికారుల మీద అంతకన్నా ఎక్కువ భయం పెట్టుకున్న మనిషి. “సార్, ఒక్క శుక్రవారం ఆపమని ప్రిన్సిపాలుగారితో చెప్పండి” అంటే నీళ్లు నమిలాడు. ఆ వారానికి కాలేజీలో మిగిలిన నీళ్లు అవే.

“చెప్పొచ్చు అమ్మా. చెబితే కమిటీ వేస్తారు. కమిటీ వేస్తే నన్ను మెంబరు సెక్రటరీ చేస్తారు. మిగతా పిల్లలంతా చేసేశారు కదా, నువ్వూ అలాగే పొడిగా చేసెయ్యకూడదూ?”

పొడిగా చెయ్యడం ప్రిన్సిపాలు డాక్టర్ పేరి చయనులుగారి సొంత ఆలోచన. నీళ్లు లేవు కనక నమూనాలకి చక్రాలు బిగించి, ఖాళీ ట్యాంకు అడుగున లాగించారు. నీలవేణితో చదివే పద్దెనిమిది మంది ప్రాజెక్టులూ అలా అయిపోయాయి. అందరికీ నీటి నిరోధం సున్నా వచ్చింది. ఒక్క పడవా మునగలేదు. ‘నీటి నిరోధమును సంపూర్ణముగా జయించిన కళాశాల’ అని చయనులుగారు పత్రికలకి ప్రకటన ఇచ్చారు. రెండు పత్రికలు ఫోటోతో వేశాయి కూడా.

“సున్నా వచ్చిన కాయితం మా నాన్నకిస్తే నవ్వుతాడు సార్. నీళ్లలో చేస్తాను” అంది నీలవేణి.

తానే ప్రిన్సిపాలు గదికి వెళ్లింది. చయనులుగారు ఆమె అర్జీ రెండు మాట్లు చదివి, కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన నోటి మాట కూడా టైపు కొట్టినట్టే వస్తుంది.

“అమ్మాయీ, నీ విద్యాసక్తి అభినందనీయము. అయితే ఉత్తర్వునందు మినహాయింపు అను పదము నాకు గోచరించుట లేదు. పళ్లెములోని నీరైనా, ట్యాంకులోని నీరైనా దోమకు సమానమే గదా?”

“సార్, మనది పడవల కాలేజీ కదా సార్.”

“అందుచేతనే మనము ఆదర్శముగా ఉండవలెను. నీరు అత్యధికముగా అవసరమైన సంస్థయే నీటిని త్యజించినచో, ఇతరులకు అది ఎంత స్ఫూర్తి!”

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ పూజారే కొంచెం నయం. జగ్గయ్య సైకిలుకి స్టాండు వేస్తుంటే నీలవేణి మొర పెట్టుకుంది. ఆయన జాలిపడ్డాడు.

“నీనేటి సేసీదమ్మా, పైనుంచి ఆర్డరు. గానీ ఓ మాట సెప్తాను ఇను. దోమ పిల్లల్ని తినీసే సేపలుంటాయి. గంబూసియా అంతారు. అవి ఒగ్గీస్తే మరి నీల్లు పారబొయ్యక్కర్లేదు. రూల్లోనే ఉన్నాది.”

నిజంగానే రూల్లో ఉంది. మూడు వేల చేపలు వచ్చాయి, ఒక్కోటీ చిటికెన వేలంత లేదు. ఆ శుక్రవారం జగ్గయ్య వాల్వు ముట్టుకోలేదు. నిండుగా నిలిచిన నీళ్లని చూసి నీలవేణికి ఏడుపొచ్చినంత పనయింది. నాలుగేళ్లుగా పడవల గురించి చదువుతున్న పిల్ల, కాలేజీలో నిండు నీళ్లు శుక్రవారం పదిన్నర తర్వాత చూడడం అదే మొదలు.

సోమవారం పరీక్ష పెట్టుకుందామనుకునేసరికి కాలేజీ జంతు సంక్షేమ సంఘం నుంచి తాఖీదు వచ్చింది. అలాంటి సంఘం ఒకటుందని, అది అంతకుముందు ఒకే ఒకసారి క్యాంటీను పిల్లి విషయంలో సమావేశమయిందని అప్పుడే తెలిసింది. ‘నమూనా పడవ గమనమువలన మత్స్యములకు భీతి కలుగునా? కలుగదని ఎవరు ధ్రువీకరింతురు?’ అని అడిగారు. ధ్రువీకరించేవారు దొరకలేదు. కాబట్టి పరీక్ష జరిగేటప్పుడు చేపల్ని వేరే చోటికి మార్చాలన్నారు. చేపల్ని మారిస్తే అవి లేని నీళ్లని ఉత్తర్వు ప్రకారం పారబొయ్యాలని చయనులుగారు పక్కన ఎర్ర సిరాతో రాశారు. విశ్వపతి ఆ కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని, అందులో ఎక్కడా తప్పు దొరక్క కూలబడ్డాడు.

ఈ ఉత్తరాలు నడుస్తుండగా కొంగలు వచ్చాయి. ట్యాంకు గట్టున సమావేశానికొచ్చిన సభ్యుల్లా వరసగా నిలబడి, వాటికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేనట్టు మూడు రోజుల్లో మూడు వేల చేపల్నీ ముగించాయి. జగ్గయ్య మళ్లీ వాల్వు తిప్పాడు.

తర్వాత ఉపాయం విశ్వపతిది. జన్మలో మొదటిసారి ధైర్యం చేశాడాయన. ఉత్తర్వులో ఉన్నది నిలువ నీరు. నిలవకుండా కదులుతూ ఉంటే దానికి ఉత్తర్వు వర్తించదు. చయనులుగారికి ఈ వాదం బ్రహ్మాండంగా నచ్చింది. వెంటనే ‘జల చాలక దళం’ ఏర్పాటు చేశారు. మొదటి సంవత్సరం పిల్లలు నలభై మంది వంతులవారీగా తెడ్లు పట్టుకుని ట్యాంకు చుట్టూ నిలబడి రాత్రింబగళ్లు నీళ్లు కలపడం మొదలుపెట్టారు. దానికి సేవా పథకం కింద మార్కులు కూడా పెట్టారు. నీళ్లు పారబొయ్యలేదు, నిజమే. కానీ నీళ్లు నిలకడగా లేకపోతే కొలత రాదు. కలపడం ఆపితే జగ్గయ్య వస్తాడు.

“సార్, పడవని లాగుతున్నంతసేపూ ఆపించండి, ఓ గంట” అంది నీలవేణి.

“ఆ గంటలో ఒక దోమ గుడ్డు పెట్టినచో బాధ్యులెవరు?” అన్నారు చయనులుగారు.

బాధ్యత అనే మాట వినగానే విశ్వపతి ధైర్యం ఎక్కడ నుంచి వచ్చిందో అక్కడికే వెళ్లిపోయింది. వారం తిరిగేసరికి జల చాలక దళంలో పదకొండు మందికి భుజాలు పట్టేశాయి. దళాన్ని రద్దు చేసి, సభ్యులందరికీ ప్రశంసాపత్రాలిచ్చారు.

ఏప్రిల్ వచ్చేసింది. ఎర్రయ్య ఫోను చేశాడు. “సత్తిగాడు అడుగుతున్నాడే తల్లీ. పన్నెండో తారీకు దాకా సూస్తాడంట. కాయితం అవుద్దా?” అవుతుందంది నీలవేణి. ఫోను పెట్టేశాక హాస్టలు మెట్ల మీద కూచుని చాలాసేపు లేవలేదు. తండ్రికి అబద్ధం చెప్పానేమోనని ఆమె భయం. మళ్లీ పాత పడవ మీదే సముద్రంలోకి వెళ్తాడేమోనని అంతకన్నా భయం.

మర్నాడు ఆమె ప్రిన్సిపాలు గది ముందు బెంచీ మీద కూచుంది. ఆ మర్నాడూ కూచుంది. నాలుగో రోజుకి ఆమెని దాటుకుని లోపలికి వెళ్లడం చయనులుగారికే ఇబ్బందైంది. అనుమతి ఇచ్చారు. పదో తారీకు శుక్రవారం ఉదయం ఎనిమిదిన్నర నుంచి తొమ్మిదిన్నర దాకా, ఏడుగురు సభ్యుల సంఘం సమక్షంలో మాత్రమే, ఒకే ఒక్కసారి పరీక్ష. సంఘం రాకముందు పడవని లాగితే అనుమతి రద్దు.

ఆ శుక్రవారం ఏడింటికే నీలవేణి నమూనాని నీళ్లలో పెట్టింది. నీళ్లు అద్దంలా ఉన్నాయి. పడవ ఎటూ వాలకుండా కుదురుగా తేలింది. ఎనిమిదిన్నర అయింది, ఎవరూ రాలేదు. తొమ్మిదిన్నర అయింది. సంఘం సభ్యులకి ప్రిన్సిపాలు గదిలో ఉప్మా పెడుతున్నారని కబురొచ్చింది. పది కాగానే జగ్గయ్య వచ్చాడు.

“బాబ్బాబు, పావుగంట” అని విశ్వపతి ఆయన చెయ్యి పట్టుకున్నాడు.

“నా సేతుల్లో నేదండి బాబూ. ఫోటో మీద టైము పడిపోద్ది. పొడి ట్యాంకు పన్నెండింటికి నోపల ఎల్లాల” అని జగ్గయ్య వాల్వు తిప్పేశాడు. అడుగున నీళ్లు గుడగుడమన్నాయి.

పదీ పదికి సంఘం వచ్చింది. వచ్చినవాళ్లు నీళ్లకేసి చూడలేదు, నేరుగా కుర్చీల్లో కూచున్నారు. జ్యోతి వెలిగించారు. కొబ్బరికాయ కొట్టారు. చయనులుగారు మానవజాతి మొదటి దుంగ మీద ఎక్కి ఏరు దాటినప్పటి నుంచి మొదలుపెట్టారు. ఆయన తెరచాపల కాలానికి వచ్చేసరికి పడవ గట్టుకి జానెడు కిందికి దిగింది. ఆవిరి ఓడల దగ్గరికి వచ్చేసరికి నడుములోతుకి దిగింది. కొలత కడ్డీ గాలిలో వేలాడుతోంది. నీలవేణి రెండు మాట్లు చెయ్యెత్తింది. కూచోమని సైగ చేశారు. ఉపన్యాసం ముగిసి చప్పట్లు అయి, సభ్యులు లేచి గట్టు దగ్గరికి వచ్చి తొంగి చూశారు. ట్యాంకు అడుగున చివరి నీళ్లు వాల్వుకేసి పరుగెడుతున్నాయి. ఆ పరుగు మధ్యలో పడవ అడుగు నేలకి ఆనింది. ఆనింది, ఆగింది.

“అడుగునకు పోయినది” అన్నారు ఒక సభ్యులు.

“మన కళ్లముందే” అన్నారు మరొకరు.

“మునగలేదు సార్! నీళ్లే పోయాయి. పడవ అక్కడే ఉంది” అంది నీలవేణి.

చయనులుగారు ఓదార్పుగా తల ఊపారు. “అమ్మాయీ, పరీక్షా ప్రారంభమున పడవ నీటి ఉపరితలమున ఉన్నది. పరీక్షాంతమున ట్యాంకు అడుగున ఉన్నది. మధ్యన జరిగినదానిని నౌకాశాస్త్రమునందు ఏమందురో నీవే చెప్పుము. మన కళాశాల చరిత్రలో మునిగిన తొలి పడవ నీదే అగుట నాకునూ విచారకరము.”

జగ్గయ్య ఎప్పటిలాగే ఖాళీ ట్యాంకుకి ఫోటో తీశాడు. ఈసారి ఫోటోలో పడవ కూడా పడింది. సంఘం ఆ ఫోటోనే సాక్ష్యంగా తీసుకుంది. ప్రమాద స్థలంలో ఏదీ కదపకూడదు కనక పడవని అక్కడే వదిలేసి, ట్యాంకు చుట్టూ తాడు కట్టించారు. నీలవేణికి ‘అనుత్తీర్ణ’ అని రాశారు. ఆమె హాస్టలుకి వెళ్లి అన్నం ముట్టకుండా పడుకుంది.

శనివారం మోటారు వేశారు. వెయ్యకపోతే ఆడిట్ ఉంది కదా. ఆ సాయంత్రం వాచ్‌మన్ పరుగెత్తుకుంటూ వచ్చి, మునిగిన పడవ తేలిందని చెప్పాడు. చయనులుగారు స్వయంగా వెళ్లి చూశారు. జానెడు లోతు నీళ్ల మీద పడవ హాయిగా తేలుతోంది. ఎవరూ ముట్టుకోలేదని తాడే సాక్ష్యం. ఆదివారమని కూడా చూడకుండా సంఘాన్ని పిలిపించారు. ఆ రోజు తీర్మానం ఇది: ‘సదరు పడవ అన్య సహాయము లేకయే మునిగి, అన్య సహాయము లేకయే తేలినందున, ఇది పడవ కాదనియు, జలాంతర్గామియనియు ఏకగ్రీవముగా నిర్ణయించడమైనది. విద్యార్థినికి ప్రథమ శ్రేణి ప్రసాదించడమైనది.’

“నాకు జలాంతర్గామి వద్దు సార్. మా నాన్న వల వేస్తాడు” అంది నీలవేణి.

“మరీ మంచిది. చేపలకు మరింత సమీపమున ఉండును గదా” అన్నారు చయనులుగారు, కిందికి చూసి, ముద్ర వేసిన ధ్రువపత్రం మీద సంతకం పెడుతూ. విశ్వపతి పక్కనుంచి మెల్లిగా, “తీసుకో అమ్మా, ఎద్దు ఈనిందంటే గాటన కట్టెయ్యమనే చోటు ఇది. దూడ ఏదని అడిగితే డిగ్రీ పోతుంది” అన్నాడు. నీలవేణి తీసుకుంది.

పన్నెండో తారీకు సాయంత్రం ఇంటికి వెళ్లింది. ఎర్రయ్య పాక ముందు కలప మీద కూచుని ఉన్నాడు. పక్కన వడ్రంగి సత్యం కూడా ఉన్నాడు. ఎర్రయ్య ఎడమ చేత్తో కాగితం అందుకున్నాడు. కుడి చెయ్యి ఇంకా భుజం దాటి లేవడం లేదు. ముద్ర చూసి మురిశాడు. చదవమన్నాడు. నీలవేణి తల దించుకుని చదివింది.

“మునిగిపోనాదా?” అన్నాడు ఎర్రయ్య. ముఖంలో రంగు మారింది. “మునిగీ పడవకి ముద్దరేసినారా?”

“మునగలేదు నాన్నా. నీళ్లు వదిలేశారు. నీళ్లతోపాటు కిందికొచ్చింది. నేను చెబితే ఒక్కడూ వినలేదు. కొలత ఒక్కటి కూడా రాలేదు. నాలుగేళ్లు చదివి ఈ కాయితం తెచ్చాను, సత్యం మావని వేరే ఊరికి పొమ్మను” అని ఏడ్చేసింది.

ఎర్రయ్య కాగితం కింద అంటించిన ఫోటో చూస్తున్నాడు. ‘మునిగిన స్థితి’ అని దాని కింద రాసి ఉంది. వెలుతురుకేసి తిప్పి చూశాడు. సత్యానికిచ్చాడు. సత్యం కూడా చూసి, ఎర్రయ్య ముఖంకేసి చూశాడు.

“నీల్లు ఎలా ఎల్లినాయి? నెమ్మదిగానా, జోరుగానా?” అని అడిగాడు ఎర్రయ్య.

“ఆఖర్న జోరుగానే వెళ్లాయి. అంతా వాల్వుకేసి లాగేసింది.”

“పక్కన ఊతానికి బొంగులేటైనా ఎట్టినారా? ఎవులైనా పట్టుకున్నారా?”

“ఎవరు పట్టుకుంటారు నాన్నా? కమిటీ అంతా గట్టు మీదే ఉంది.”

“మరి ఒరగనేదేటి?”

నీలవేణి కళ్లు తుడుచుకుని ఫోటో లాక్కుని చూసింది. కింద నీళ్లన్నీ లాగేసినా, బరువంతా నేల మీద పడినా, పడవ పీట మీద పెళ్లికూతురిలా నిటారుగా కూచుని ఉంది. ఇసక తగిలినప్పుడు ఒరగకూడదనే కదా ఆమె దాన్ని గీసింది. కొలత కోసం కొట్టుకులాడి, ఏడుగురు సభ్యులతో పాటు గట్టు మీద నిలబడి, తానూ ఆ ఒక్కటీ చూడలేదు. సిగ్గేసింది. ఆ వెంటనే నవ్వొచ్చింది.

“మన పడవ ఏదైనాగానీ నీల్లు లాగీస్తే పక్కకి తొంగుండిపోద్ది” అన్నాడు సత్యం, లేచి గొడ్డలి అందుకుంటూ. “ఇది నిలబడిపోనాది, బావా.”

ఎర్రయ్య కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. “మీ కాలేజీవోల్లు మంచి పరీచ్చే ఎట్టినారే తల్లీ” అన్నాడు. “ఆల్లకి తెలీదు గానీ.”